విడదీసిన లెక్కతోనే కలపాలి: నెబ్యులా ఫోటోలోకి చుక్కల్ని తిరిగి తేవడం

నెబ్యులా అంటే అంతరిక్షంలో వెలిగే వాయుమేఘం. దాని ఫోటోలోంచి నక్షత్రాల చుక్కల్ని తీసేయడం ఇవాళ మీట నొక్కినంత పని. ఖాళీ అయిన చిత్రాన్ని తీరిగ్గా దిద్దుకుని, చివర్లో చుక్కల్ని మళ్లీ దాని మీదికి తెచ్చేటప్పుడే ఫోటో చెడుతుంది. చుక్కలు ఆకాశంలో ఉన్నట్టుండవు, అద్దానికి అంటించిన బొట్టుబిళ్లల్లా ఉంటాయి. కొన్నిటి చుట్టూ నల్లటి అంచు, కొన్నిటికి రంగే ఉండదు. సన్నచుక్కలైతే నెబ్యులా వెలుగులో ఎక్కడ కరిగిపోయాయో తెలియదు.

ఇది కంటికి సంబంధించిన లోపమనుకుని స్లయిడర్లు అటూ ఇటూ జరుపుతూ గంటలు గడిపేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు తప్పు కంటిది కాదు, లెక్కది. చుక్కల్ని ఏ లెక్కతో విడదీశారో అదే లెక్కతో కలపకపోతే, ఎంత దిద్దినా తేడా అలాగే ఉంటుంది. ఈ వ్యాసంలో రోజెట్ నెబ్యులాను ఉదాహరణగా తీసుకుని ఆ లెక్కను మొదటి నుంచి చూద్దాం.

రోజెట్‌నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ఆర్ద్ర నక్షత్రం నుంచి ప్రోసియాన్ వైపు గీత గీస్తే, ఆ గీత మీద మూడో వంతు దాటాక తగులుతుంది. ఖగోళ మధ్యరేఖకు సుమారు 5 డిగ్రీలు ఉత్తరంగా ఉండటంతో హైదరాబాద్ నుంచి చూస్తే దాదాపు 77 డిగ్రీల ఎత్తుకు, అంటే ఇంచుమించు నడినెత్తికి వస్తుంది. వానలు వెళ్లిపోయి మబ్బు లేని డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి రాత్రులే దానికి సరైన కాలం. వెడల్పు ఒక డిగ్రీకి పైనే, అంటే రెండు నిండు చందమామలు పక్కపక్కన పెట్టినంత. చిన్న టెలిస్కోపు చాలు. ఇంకో సంగతి, దీని నడిబొడ్డునే ఎన్‌జీసీ 2244 అనే నక్షత్రగుచ్ఛం ఉంది. చుక్కల్ని తప్పుగా కలిపితే ఆ తప్పు ఫోటో మధ్యలోనే కనపడుతుంది, దాచుకోవడానికి చోటుండదు.

అసలు విడదీయడం ఎందుకు?

కెమెరా నుంచి వచ్చిన లీనియర్ చిత్రంలో, అంటే పడిన వెలుగుకు తగ్గట్టే విలువలుండి ఇంకా సాగదీయని చిత్రంలో, పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 1 అనుకుంటే, నెబ్యులా వెలుగు 0.01 దరిదాపుల్లో ఉంటుంది, తెర మీద ఏమీ కనపడదు. దాన్ని పైకి లాగడమే స్ట్రెచ్. అన్ని సాఫ్ట్‌వేర్లలో ఉండే మిడ్‌టోన్ స్లయిడర్ చేసే పని ఒక చిన్న సూత్రమే: కొత్త వెలుగు = క × పాత వెలుగు ÷ ((క − 1) × పాత వెలుగు + 1). ఇందులో క ఎంత పెద్దదైతే అంత గట్టి స్ట్రెచ్. చుక్కల కోసం ప్రత్యేకంగా తిరిగే స్క్రిప్టుల్లో 3ను అయిదుసార్లు గుణించి 243 వాడటం ఆనవాయితీ. లోపల ఉన్నది మాత్రం ఈ పాత మిడ్‌టోన్ సూత్రమే, కొత్త మంత్రమేమీ లేదు.

క విలువ 243 పెడితే 0.01 ఉన్న నెబ్యులా 0.71కి చేరుతుంది. బాగానే ఉంది. అదే స్ట్రెచ్ చుక్కను ఏం చేస్తుంది? ఒక చుక్క నడిమి వెలుగు 0.8 అనుకుందాం. మధ్య నుంచి దూరం జరిగేకొద్దీ వెలుగు తగ్గి ఒకచోట వందో వంతుకు, అంటే 0.008కి పడిపోతుంది. లీనియర్ చిత్రంలో ఆ అంచు కంటికే ఆనదు. స్ట్రెచ్ అయ్యాక నడిమి భాగం 0.8 నుంచి 0.999కి వెళ్తుంది, అంచేమో 0.008 నుంచి 0.66కి ఎగబాకుతుంది. నడిమికీ అంచుకూ మధ్య ఉన్న వంద రెట్ల తేడా ఒకటిన్నర రెట్లకు కుంచించుకుపోయిందన్నమాట. సగం వెలుగు దగ్గర వెడల్పు 3 పిక్సెళ్లున్న చుక్కకు ఈ వందో వంతు అంచు మధ్య నుంచి సుమారు 4 పిక్సెళ్ల దూరంలో ఉంటుంది. 3 పిక్సెళ్ల చుక్క కాస్తా 8 పిక్సెళ్ల బిళ్ల అయిపోతుంది. క 27 మాత్రమే పెట్టి ఉంటే ఆ అంచు 0.18 దగ్గరే ఆగేది.

నెబ్యులాకు కావలసిన స్ట్రెచ్, చుక్కకు కావలసిన స్ట్రెచ్ ఒకటి కావు. విడదీయడానికి అసలు కారణం ఇదే. నాయిస్ (చిత్రంలోని గరుకుదనం) తగ్గించడం, రంగులు దిద్దడం, కాంట్రాస్టు పెంచడం లాంటి సౌకర్యాలన్నీ దీని వెనకే వస్తాయి.

చుక్కలుండగానే ముగించుకోవాల్సిన పనులు

చుక్కల్ని తీసేశాక కొన్ని పనులు ఇక చేయలేం. విడివిడిగా తీసిన ఫోటోల్ని, అంటే ఫ్రేముల్ని, ఒకదాని మీద ఒకటి కూర్చేది చుక్కల ఆధారంగానే. ఆకాశంలో ఏ భాగమో గుర్తుపట్టే ప్లేట్ సాల్వింగుకూ అవే ఆధారం. గాయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల రంగులతో పోల్చి మన ఫోటో రంగును సరిదిద్దే కలర్ క్యాలిబ్రేషన్‌కూ చుక్కలే కావాలి. మసకను వెనక్కి తిప్పే డీకన్వల్యూషన్ కూడా చుక్క ఎలా పరుచుకుందో చూసే పని చేస్తుంది. ఈ నాలుగూ అయ్యాకే తీసివేత.

వీటిలో కూర్పు దగ్గర దెబ్బతినేవాళ్లు ఎక్కువ. హైడ్రోజన్ ఆల్ఫా, ఆక్సిజన్ ఫిల్టర్లతో తీసిన ఫ్రేములన్నీ కలిపి చేసిన మాస్టర్లు ఒక కూర్పులో ఉంటాయి. చుక్కల రంగు కోసం వేరే రోజు తీసిన ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) చిత్రం ఇంకో కూర్పులో ఉంటుంది. ముందు అన్నిట్లోంచీ చుక్కల్ని తీసేసి తర్వాత కలుపుదామనుకుంటే, నెబ్యులా చిత్రంలో పట్టుకోవడానికి ఒక్క బిందువూ మిగలదు. ముందే అన్నిటినీ ఒకే మాస్టర్‌కు కూర్చి, ఒకే కొలతకు అంచులు కత్తిరించుకోవాలి. ఒకటి డ్రిజిల్ అనే పద్ధతితో రెట్టింపు చేసి, ఇంకోటి మామూలుగా స్టాక్ చేస్తే (ఫ్రేముల్ని కలిపితే) కూడా పిక్సెళ్ల లెక్క తప్పుతుంది. రెండు రోజుల మధ్య లెన్స్ గానీ టెలిస్కోపుకు తగిలించే రిడ్యూసర్ గానీ మారి ఉంటే మామూలు జరుపుడు, తిప్పుడు చాలవు. మూలల్లో వంపును కూడా సరిచేసే కూర్పు పద్ధతి వాడాలి. లేదంటే మధ్యలో అంతా బాగుంటుంది, మూలల్లో ప్రతి చుక్క పక్కనా దాని దెయ్యం నిలబడుతుంది.

గ్రేడియెంట్ తీయడం కూడా ఈ దశలోనే. నగరం అంచున తీసిన ఫోటోలో ఒక మూల నుంచి ఎక్కే వెలుగును గ్రాక్స్‌పర్ట్ లాంటి ఉచిత సాధనంతో తుడిచేయొచ్చు. రోజెట్ ఫ్రేమంతా పరుచుకునే నెబ్యులా. ఆటోమేటిక్‌గా వేసిన నమూనా బిందువులు దాని పలచటి అంచుల మీద పడితే ఆ అంచునే కాలుష్యమనుకుని తుడిచేస్తుంది. బిందువుల్ని చూసి వేయాలి.

తీసివేత

స్టార్‌నెట్, స్టార్‌ఎక్స్‌టెర్మినేటర్ ఇప్పుడు ఎక్కువమంది చేతిలో ఉన్న సాధనాలు. మొదటిది ఉచితం, సిరిల్ అనే ఖగోళ ఫోటో సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే నడుస్తుంది. రెండోది డబ్బు పెట్టి కొనాలి, పిక్స్‌ఇన్‌సైట్ అనే ఖగోళ ఫోటో సాఫ్ట్‌వేర్‌లోనూ ఫొటోషాప్‌లోనూ పనిచేస్తుంది. రెండూ ఉదాహరణలు చూసి నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్కులే. చుక్క కింద ఏముందో వాటికి తెలియదు, చుట్టుపక్కల చూసి ఊహించి పూరిస్తాయి. చుక్కల్లేని చిత్రంలో చుక్క ఉన్న చోట కనిపించేది కెమెరా చూసిన నెబ్యులా కాదు, నెట్‌వర్క్ అల్లిన నెబ్యులా అని గుర్తుంచుకోవాలి. ఆ అతుకుల మీద షార్పెనింగ్ రుద్దితే లేని తీగలూ ముడులూ పుట్టుకొస్తాయి. వెలుగు కొలవడం లాంటి శాస్త్రీయ పనులకు ఈ చిత్రాన్ని అసలు వాడకూడదు.

స్టార్‌నెట్ నేర్చుకున్నది స్ట్రెచ్ అయిన ఫోటోలతో. లీనియర్ చిత్రం ఇస్తే దానికి చీకటే కనపడుతుంది. అందుకే సిరిల్‌లోని స్టార్‌నెట్ విండోలో లీనియర్ చిత్రాన్ని ముందుగా స్ట్రెచ్ చేసే ఆప్షన్ ఉంది. తాత్కాలికంగా సాగదీసి, చుక్కల్ని తీసి, మళ్లీ లీనియర్‌కు తెచ్చిస్తుంది. లీనియర్ చిత్రానికి ఆ టిక్ ఉండాలి, ముందే స్ట్రెచ్ చేసినదానికి ఉండకూడదు. చుక్కలు మరీ సన్నగా, ఒకటి రెండు పిక్సెళ్ల పరిమాణంలో ఉంటే నెట్‌వర్క్ వాటిని నాయిస్ అనుకుని వదిలేస్తుంది. రెట్టింపు చేసి తీసే ఆప్షన్ దానికి మందు. సమయం నాలుగు రెట్లు పడుతుందనుకోండి.

తీయగానే రెండు చిత్రాలనూ విడిగా పరీక్షించాలి. చుక్కల పొరను ఉన్నపాటున బాగా సాగదీసి చూస్తే, అందులో చుక్కలతో పాటు నెబ్యులా ముక్కలేమైనా కొట్టుకొచ్చాయా అన్నది తెలుస్తుంది. రోజెట్‌లో ఈ ప్రమాదం ఎక్కువ. గుచ్ఛానికి వాయవ్యంగా నల్లటి ధూళి ముద్దలు వరసగా ఉంటాయి. వాటి మెరిసే అంచుల్ని నెట్‌వర్క్ చుక్కలనుకునే అవకాశం ఉంది. అలా వస్తే పెద్ద నష్టమేమీ లేదు, కలిపేటప్పుడు అవీ తిరిగొస్తాయి. చుక్కల పొర మీద చుక్కల్ని సన్నబరిచే పనులు చేస్తే మాత్రం ఆ అంచులూ సన్నబడతాయి. అవతల చుక్కల్లేని చిత్రంలో పెద్ద చుక్కలున్న చోట మిగిలిన మసక వలయాలను వెతకాలి. ముఖ్యంగా రెండు సన్నటి రంగుపట్టీలనే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ల ఆక్సిజన్ చానెల్లో, ఫిల్టర్ ఉపరితలం నుంచి తిరిగొచ్చిన వెలుగు నాణెం లాంటి వలయం వేస్తుంది. నెట్‌వర్కుకు అది చుక్కలా కనపడదు కాబట్టి అక్కడే వదిలేస్తుంది. ఆ తర్వాత మీరు పెంచే ప్రతి కాంట్రాస్టూ ఆ నాణేన్నీ పెంచుతుంది. దిద్దుబాటు ఇప్పుడే చేసుకోవాలి, హీలింగ్ బ్రష్‌తో, చిన్న చిన్న స్ట్రోకులతో.

రెండు లెక్కలు

చుక్కల పొరను తయారుచేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది తీసివేత: అసలు చిత్రంలోంచి చుక్కల్లేని చిత్రాన్ని తీసేస్తే మిగిలింది చుక్కలు. రెండోది అన్‌స్క్రీన్: చుక్కలు = 1 − (1 − అసలు) ÷ (1 − చుక్కల్లేనిది).

కలపడానికీ రెండు దారులు. కూడిక: మొత్తం = నెబ్యులా + చుక్కలు. స్క్రీన్: మొత్తం = 1 − (1 − నెబ్యులా) × (1 − చుక్కలు).

స్ట్రెచ్ అయిన ఫోటోలో ఒక పిక్సెల్ తీసుకుందాం. చుక్కతో కలిపి వెలుగు 0.86, చుక్క తీశాక అదే చోట నెబ్యులా 0.30. తీసివేతతో చుక్కల పొర విలువ 0.56 వస్తుంది. అన్‌స్క్రీన్‌తో చేస్తే 0.14 ÷ 0.70 = 0.20, దాన్ని 1లోంచి తీస్తే 0.80.

ఇప్పుడు కలుపుదాం. 0.56ను కూడితే 0.86 తిరిగొస్తుంది. 0.80ను స్క్రీన్ చేస్తే 1 − 0.70 × 0.20, అదీ 0.86. రెండూ సరే. ఇక ఎక్కువమంది చేసే తప్పు చూడండి. తీసివేతతో వచ్చిన 0.56ను స్క్రీన్ చేస్తే 1 − 0.70 × 0.44, అంటే 0.69. చుక్క అయిదో వంతు వెలుగు కోల్పోయింది. ఇది ప్రతి చుక్కకూ ఒకే తీరుగా జరగదు. నల్లటి ఆకాశం మీద ఉన్న చుక్కలకు దాదాపు నష్టమే ఉండదు, నెబ్యులా మెరిసేచోట ఉన్నవి మాత్రం చచ్చుబడతాయి. ఫోటో అంచుల్లో చుక్కలు బాగుండి మధ్యలో మసకబారాయంటే కారణం ఇదే. తిరగేసి చేస్తే, అంటే అన్‌స్క్రీన్ చేసినదాన్ని కూడితే, 0.30 + 0.80 = 1.10. ఒకటి దాటినదంతా కోతపడి తెల్లటి బిళ్ల అవుతుంది, రంగూ పోతుంది.

మరి రెండు జతల్లో ఏది మేలు? చిత్రాన్ని ముట్టుకోకుండా తిరిగి కలిపేదైతే తేడా లేదు. కానీ విడదీసిందే నెబ్యులాను మార్చడానికి. నెబ్యులాను 0.30 నుంచి 0.50కి పెంచామనుకోండి. కూడికలో 0.50 + 0.56 = 1.06, కోత పడింది. స్క్రీన్‌లో 1 − 0.50 × 0.20 = 0.90, చుక్క భద్రం. నెబ్యులాను 0.15కి తగ్గిస్తే కూడికలో చుక్క 0.71కి పడిపోతుంది, స్క్రీన్‌లో 0.83 దగ్గర నిలబడుతుంది. స్ట్రెచ్ అయిన చిత్రానికి అన్‌స్క్రీన్, స్క్రీన్ జతే నమ్మదగ్గది. స్టార్‌ఎక్స్‌టెర్మినేటర్‌లో అన్‌స్క్రీన్ అనే టిక్ ఉన్నది ఇందుకే. ఒకటే చిక్కు: ఓరియన్ నెబ్యులా నడిబొడ్డు లాగా నెబ్యులాయే 1కి దగ్గరగా వెలిగే చోట, అన్‌స్క్రీన్‌లోని భాగహారంలో కింద సున్నాకు దగ్గరి అంకె పడి నాయిస్ పేలిపోతుంది. రోజెట్‌లో అంత వెలుగు ఎక్కడా లేదు.

లీనియర్ దశలో సంగతి వేరు. సెన్సార్ మీద చుక్క వెలుగు, నెబ్యులా వెలుగు నిజంగానే కూడుకుంటాయి, ఇక్కడ తీసివేతే అసలు భౌతికం. లీనియర్ చిత్రం మీద అన్‌స్క్రీన్ టిక్ పెట్టకూడదు. అయితే లీనియర్‌లో తీసి, రెండింటినీ వేర్వేరుగా స్ట్రెచ్ చేశాక పాత మొత్తం అన్నదే ఉండదు, వెనక్కి పోయే దారీ ఉండదు. అప్పుడు కలపడానికి స్క్రీన్ వాడేది పాత విలువ తిరిగొస్తుందని కాదు. చుక్కల పొర సున్నా ఉన్నచోట నెబ్యులాను ముట్టుకోదని, ఎంత కలిపినా 1 దాటదని.

ఈ దారిలో ఒక ఉచ్చు ఉంది. నెబ్యులాకు 243తో స్ట్రెచ్ ఇచ్చాం కదా అని చుక్కలకూ అంతే ఇస్తే ఏమవుతుంది? లీనియర్‌లో నెబ్యులా 0.01, దాని మీద చిన్న చుక్క 0.01 అనుకుందాం. విడదీయకుండా స్ట్రెచ్ చేసి ఉంటే 0.02 కాస్తా 0.83 అయ్యేది. నెబ్యులా 0.71 కాబట్టి చుక్క దాని మీద కొద్దిగా తేలేది. విడిగా స్ట్రెచ్ చేస్తే చుక్క ఒక్కటే 0.71కి ఎగిరి, స్క్రీన్ చేశాక 0.92 అవుతుంది. విడదీయకముందు కంటే చుక్కలు ఎక్కువయ్యాయి! నెబ్యులా అండ లేకుండా సున్నా నుంచి మొదలయ్యే చుక్క, వక్రరేఖలో అన్నిటికంటే నిటారైన భాగంలో ప్రయాణిస్తుంది. అందుకే అలా ఎగురుతుంది. పాత 0.83 రావాలంటే చుక్కలకు క విలువ 72 దగ్గర ఉండాలి, మూడో వంతు కూడా కాదు. లీనియర్‌లో విడదీసేవాళ్లు చుక్కలకు 81తో మొదలుపెట్టి కిందికి రావడం మంచిది. స్క్రిప్టుల్లో ఇది 5 బదులు 4 పెట్టడంతో సమానం.

రంగున్న చుక్కలు ఎక్కడ దొరుకుతాయి

నారోబ్యాండ్ ఫిల్టర్లతో తీసిన నెబ్యులా రంగు బాగుంటుంది, చుక్కల రంగు బాగుండదు. హైడ్రోజన్ ఆల్ఫా 656.3 నానోమీటర్ల దగ్గర, ఆక్సిజన్ 500.7 దగ్గర, సల్ఫర్ 671.6, 673.1 దగ్గర సన్నటి గీతలు. నెబ్యులా ఆ గీతల్లోనే వెలుగుతుంది. నక్షత్రం మాత్రం ఇంద్రధనుస్సంతా వెలుగుతుంది, మూడు సన్నటి కిటికీల్లోంచి చూసి దాని రంగు చెప్పలేం. సల్ఫర్ ఎరుపులో, హైడ్రోజన్ ఆకుపచ్చలో, ఆక్సిజన్ నీలంలో పెట్టే హబుల్ వర్ణక్రమంలో ఇంకో ఇబ్బంది. సల్ఫర్, ఆక్సిజన్ బలహీనంగా ఉంటాయి కాబట్టి వాటిని హైడ్రోజన్ కంటే గట్టిగా లాగాలి. దాంతో ఎరుపు, నీలం చానెళ్లలో చుక్కలు లావెక్కి ప్రతిదాని చుట్టూ వంగపండు రంగు అంచు వస్తుంది. చిత్రం రంగుల్ని తలకిందులు (ఇన్వర్ట్) చేసి, ఆకుపచ్చ తీసి, మళ్లీ తిప్పే చిట్కా ఉంది. అది వంగపండు రంగును తీస్తుంది గానీ అసలు రంగును ఇవ్వదు. మసిపూసి మారేడుకాయ చేయడమే.

సరైన మార్గం చుక్కల కోసం విడిగా ఆర్‌జీబీ తీయడం. అందరూ భయపడేంత పని కాదిది. చుక్కలు వెలుగైనవి, వాటికి చీకటి ఆకాశం అక్కర్లేదు. నగరంలో మేడ మీద నుంచి, వెన్నెల రాత్రి కూడా 20–30 సెకన్ల ఫ్రేములు అరవై తీస్తే దాదాపు అరగంటలో పని ముగుస్తుంది. నెబ్యులా కనపడకపోయినా నష్టం లేదు, మనకు కావలసింది అది కాదు. ఫ్రేము నిడివి తగ్గించేది రంగు కోసమే. పెద్ద చుక్క నడిమి పిక్సెళ్లు నిండిపోతే మూడు చానెళ్లూ గరిష్ఠానికి చేరి తెలుపే మిగులుతుంది, ఆ తర్వాత ఏ స్లయిడరూ రంగు తేలేదు. ఒక ఫ్రేము తెరిచి పెద్ద చుక్కల నడిమి విలువ చూసి, నిండుతుంటే 10 సెకన్లకు తగ్గించాలి. ఆకాశం లేతగా కనపడితే కంగారు పడనక్కర్లేదు. చుక్కల్ని తీసినప్పుడు ఆ వెలుగంతా చుక్కల్లేని చిత్రంలోకి పోతుంది, దాన్ని పారేస్తాం.

ఆ ఆర్‌జీబీ స్టాక్‌కు గ్రేడియెంట్ తీసి, కలర్ క్యాలిబ్రేషన్ చేసి, నెబ్యులా మాస్టర్‌కు కూర్చి, లీనియర్‌లోనే చుక్కల్ని తీయాలి. చుక్కల పొరకు స్ట్రెచ్ ఇచ్చాక సాచురేషన్ 1.3 నుంచి 1.5 రెట్లు పెంచితే చాలు. ఆర్క్‌సిన్‌హెచ్ (asinh) స్ట్రెచ్ వాడితే మూడు చానెళ్ల నిష్పత్తి చెదరదు కాబట్టి రంగు మెరుగ్గా నిలుస్తుంది. కాకపోతే చుక్కల అంచులు కాస్త గట్టిగా, పెళుసుగా కనిపిస్తాయి. లెన్స్ వల్ల వచ్చే ఊదారంగు వలయాలుంటే వాటిని తగ్గించే చోటు కూడా ఇదే. నెబ్యులా నీలాన్ని తాకకుండా చుక్కల ఊదాను మాత్రమే చప్పబరచొచ్చు.

ఒక పని మాత్రం ఈ పొర మీద చేయకూడదు: బ్లాక్ పాయింట్ (ఎంత వెలుగు వరకు పూర్తి నలుపుగా లెక్కించాలో చెప్పే హద్దు) జరపడం. అంచులు సన్నబడతాయన్న ఆశతో దాన్ని కుడికి జరిపితే చుక్కల పలచటి రెక్కలు సున్నాకు కోసుకుపోతాయి. కింద చుక్కల్లేని చిత్రంలో నెట్‌వర్క్ పూరించిన చోటు చుట్టుపక్కల కంటే ఒక్క పిసరు నల్లగా ఉంటుంది. కాంట్రాస్టు పెంచినప్పుడు ఆ గుంట ఇంకా లోతవుతుంది. మామూలుగా చుక్క రెక్కలు ఆ గుంటను కప్పేస్తాయి. రెక్కలు కోసేశాక గుంట బయటపడి నల్లటి వలయమవుతుంది. మొదట్లో చెప్పిన నల్ల అంచుకు ఎక్కువసార్లు మూలం ఇక్కడే ఉంటుంది, డీకన్వల్యూషన్ అతి అవ్వడం రెండో కారణం. చుక్కలు చిన్నవి కావాలంటే స్ట్రెచ్ తగ్గించాలి. అంచుల్ని అరగదీసే ఎరోజన్ సాధనంతో కొరికితే చుక్కలు నెత్తి చదునైన నాణేల్లా తయారవుతాయి. స్ట్రెచ్ తగ్గిస్తే మధ్యలో వెలిగి అంచుల్లో కరిగే సహజమైన ఆకారమే చిన్నదవుతుంది.

కలిపే చోట

సిరిల్ పిక్సెల్ మ్యాథ్‌లో గానీ పిక్స్‌ఇన్‌సైట్ పిక్సెల్‌మ్యాథ్‌లో గానీ పైన చెప్పిన స్క్రీన్ సూత్రాన్ని అలాగే రాయొచ్చు. చుక్కల బలాన్ని మార్చుకోవాలంటే చుక్కల పదాన్ని 0.8తోనో 0.9తోనో గుణించాలి. ఫొటోషాప్‌లో చుక్కల్లేనిది కింద, చుక్కలది పైన పెట్టి పొర మోడ్ స్క్రీన్ చేస్తే అదే లెక్క. తీసివేతతో వచ్చిన పొరకైతే లీనియర్ డాడ్జ్. అక్కడ అన్‌స్క్రీన్ కూడా చేతితో చేసుకోవచ్చు. అసలు చిత్రాన్నీ చుక్కల్లేని చిత్రాన్నీ రెండింటినీ ఇన్వర్ట్ చేసి, రెండోదాన్ని పైన పెట్టి డివైడ్ మోడ్ ఇచ్చి, పొరలు కలిపేసి మళ్లీ ఇన్వర్ట్ చేయాలి. ఫైళ్లు 16 బిట్‌కు తగ్గకూడదు, సిరిల్, పిక్స్‌ఇన్‌సైట్‌లలో అయితే 32 బిట్ ఫ్లోటింగ్ పాయింట్. 8 బిట్ జేపెగ్‌లో 256 మెట్లే ఉంటాయి కాబట్టి ఆకాశం చారలు పడుతుంది.

జింప్ లాంటి ఫోటో సాఫ్ట్‌వేర్లలో ఒక్కో మోడ్ లోపల లీనియర్ వెలుగుతో లెక్కిస్తుందా, తెర కోసం వంచిన (గామా పెట్టిన) వెలుగుతోనా అన్న తేడా ఉంటుంది. పేరు స్క్రీన్ అయినంత మాత్రాన లెక్క ఒకటే అనుకోకూడదు. దీనికి ఒక గట్టి పరీక్ష ఉంది. నెబ్యులాకు ఏ దిద్దుబాటూ చేయకముందే, విడదీసిన రెండు పొరల్నీ అలాగే కలిపి చూడాలి. వచ్చినదాని మీద అసలు ఫోటోను డిఫరెన్స్ మోడ్‌లో పెట్టాలి. తెరంతా నల్లగా ఉండాలి. లెవెల్స్ బాగా లాగినా చుక్కల ఆకారాలు కనపడకూడదు. కనపడ్డాయంటే జత తప్పింది, లేదా రంగు ప్రొఫైల్ మారింది. రెండు నిమిషాల పని, ఇది చేయకుండా మూడు గంటల దిద్దుబాటులోకి దిగడం సాహసమే. వేరే రోజు తీసిన ఆర్‌జీబీ చుక్కలకు ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే పోల్చడానికి అసలు చిత్రం అంటూ లేదు. అక్కడ చూడాల్సింది చుక్కల పొర వెనుకభాగం నిజంగా సున్నా ఉందా లేదా అన్నది. అది 0.02 ఉన్నా 0.10 ఉన్న ఆకాశం స్క్రీన్ అయ్యాక 0.118 అవుతుంది. ఫోటో అంతటికీ పలచని పాలపొర పరిచినట్టుంటుంది, పైగా చుక్కల స్టాక్‌లోని నాయిస్ కూడా దిగుతుంది.

నాయిస్ సంగతి వచ్చింది కాబట్టి, చుక్కల్లేని చిత్రాన్ని మైనంలా నున్నగా చేసి దాని మీద గరుకైన చుక్కల్ని పెడితే కన్ను వెంటనే పట్టేస్తుంది. నున్నదనం కొంచెం తక్కువే ఉంచుకుని, కలిపాక 100 శాతం జూమ్‌లో ఒకసారి చూసుకోవడం మేలు.

చుక్కల బలం ఎంత ఉండాలన్నది చివరికి చిత్రం చెబుతుంది. రోజెట్ విషయంలో చుక్కల్ని మరీ అణచడం తప్పే. మధ్యలో ఉన్న ఖాళీ ఊరికే వచ్చింది కాదు. ఎన్‌జీసీ 2244లోని బాగా వేడైన ‘ఓ’ (O) తరగతి నక్షత్రాలు, హెచ్‌డీ 46150, హెచ్‌డీ 46223 లాంటివి, తమ నుంచి వెలువడే కణాల గాలులతో వాయువును బయటికి నెట్టి చేసిన ఖాళీ అది. నెబ్యులా ఎర్రగా వెలుగుతున్నదీ వాటి అతినీలలోహిత కాంతి వల్లే. ఆ నక్షత్రాలు గుండుసూది మొనలంత అయిపోతే మధ్యలో కారణం లేని చిల్లు మిగులుతుంది. అందుకే మొత్తం పొరను 0.8కి తగ్గించినా, గుచ్ఛం చుట్టూ అంచు మెత్తటి మాస్కు వేసి అక్కడ మాత్రం 1.0 ఉంచడం సబబు.

రంగు సరిగా వచ్చిందో లేదో చూడటానికి ఆ గుచ్ఛంలోనే ఒక కొలబద్ద ఉంది. దాని అంచున కనిపించే 12 మోనోసెరోటిస్ గుచ్ఛానికి చెందింది కాదు, మనకూ దానికీ నడుమ ఉన్న ‘కె’ (K) తరగతి రాక్షస తార. గుచ్ఛంలోని చుక్కలు నీలితెలుపు, ఇది పసుపునారింజ. కలిపిన ఫోటోలో ఈ రెండు రంగులూ పక్కపక్కన విడిగా కనిపించాలి. 12 మోనోసెరోటిస్ తెల్లబడిందంటే ఫ్రేములు నిండిపోయాయో, కూడిక కోతపెట్టిందో వెతకాలి. గుచ్ఛం వంగపండు రంగు తిరిగిందంటే నారోబ్యాండ్ చుక్కల పొర ఎక్కడో మిగిలిపోయి ఉంటుంది.